మోటారు వచ్చాక ఎద్దుల పని ఎక్కడికి పోయింది?

కొత్త ఆవిష్కరణలు సమాజాన్నీ రోజువారీ బతుకునూ ఎలా మార్చుకుంటూ వచ్చాయి, వాటిలో అన్నింటికన్నా పెద్దది ఏది, చక్రం, ఆవిరి యంత్రం, ఇంటర్నెట్ అని అందరూ రాసేవి కాకుండా మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కంటికి కనిపించే ఉదాహరణలతో చెప్పగలరా అని అడిగారు. మీరు డిగ్రీ విద్యార్థి అని రాశారు కాబట్టి నా అర్హత కూడా చెప్పడం న్యాయం. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, 1984 నుంచి మోటార్ల వైండింగ్ (కాలిన మోటారుకు మళ్లీ తీగ చుట్టడం) పనిలో ఉన్నాను. మొదట కలిగిరి వైపు, ఆ తరువాత నెల్లూరులో షాపు నడిపాను. కాబట్టి నా సమాధానం నా వృత్తి వైపు కొంత మొగ్గుతుందని ముందే ఒప్పుకుంటున్నాను. నా దృష్టిలో మన రెండు జిల్లాల బతుకును అన్నింటికన్నా లోతుగా మార్చినది త్రీ ఫేజ్ ఇండక్షన్ మోటారు, అంటే మూడు ఫేజుల కరెంటుతో మన బావుల మీద పంపును తిప్పే మోటారు. సెల్‌ఫోన్ స్థానం దాని తరువాతే.

అయితే ఏ యంత్రం గొప్పది అనే పోటీ కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఆ యంత్రం రాకముందు ఆ పని ఎవరు చేసేవారు, వచ్చాక ఆ పని ఎక్కడికి పోయింది? యంత్రం శ్రమను మాయం చేస్తుందని పాఠ్యపుస్తకాల్లో చదువుతాం. నలభై ఏళ్లలో నేను చూసినది వేరు. శ్రమ ఒకరి భుజం మీది నుంచి మరొకరి భుజం మీదికి, పగటి నుంచి రాత్రికి, చేను నుంచి షాపుకు జరుగుతుంది. కొంత నిజంగానే తగ్గుతుంది, దాన్ని నేను కాదనను. కానీ జరిగిన భాగాన్ని లెక్కపెట్టకపోతే సమాజం ఎలా మారిందో అర్థం కాదు.

మా తాతగారి కాలంలో మెట్ట చేలకు నీరు మోటబావి నుంచి వచ్చేది. బావి ఒడ్డున గిలక, దాని మీదుగా లావుపాటి మోకు, మోకు చివర తోలు బాన, బానకు తొండం, ఆ తొండాన్ని పట్టి ఉంచడానికి మరో సన్నని తాడు ఉండేవి. ఎద్దులు వాలుబాట మీద కిందికి నడిస్తే బాన పైకి వచ్చేది, తొండం గుండా నీరు తొట్టిలో పడేది, తరువాత ఎద్దులు వెనకడుగు వేసుకుంటూ పైకి రావాలి. తెల్లవారుజామున మొదలుపెడితే ఎండ ముదిరేదాకా ఇదే పని. మోట తోలడానికి ఒకరు, కయ్యలకు నీళ్లు కట్టడానికి మరొకరు కావాలి. ఒక జత ఎద్దులు నిలకడగా ఇవ్వగలిగిన శక్తి దాదాపు 1 హార్స్‌పవర్ అనుకోవచ్చు. అంటే 746 వాట్లు. 1972లో మా బావి మీద 3 హార్స్‌పవర్ల మోటారు బిగించిన రోజున మూడు జతల ఎద్దులు ఒకేసారి వచ్చి నిలబడినట్టయింది. అవి గడ్డి మేయవు, అలిసిపోవు. నాకప్పుడు ఏడేళ్లు. పైపులోంచి నీళ్లు దూకుతుంటే ఊరిలో సగం మంది వచ్చి చేతులు పెట్టి చూశారు.

ఈ మోటారు పుట్టుక కథ చాలా ముందుది. అయస్కాంతం చుట్టూ తీగ తిరిగేలా మైకేల్ ఫారడే 1821లో చేసి చూపించాడు, 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. తిరిగే అయస్కాంత క్షేత్రం సూత్రంతో నడిచే మోటారును 1888లో ఇటలీలో గెలీలియో ఫెరారిస్, అమెరికాలో నికోలా టెస్లా ఎవరికి వారుగా వెల్లడించారు. నేడు మన బావుల మీద ఉన్న రూపానికి దగ్గరగా ఉండే త్రీ ఫేజ్ మోటారును 1889లో దొలీవో దొబ్రోవోల్‌స్కీ తయారుచేశాడు. అందులో కార్బన్ బ్రష్‌లు ఉండవు, తిరిగే భాగానికి బయటి నుంచి కరెంటు ఇచ్చే తీగలు ఉండవు, అరిగేవి బేరింగులు మాత్రమే. పల్లెటూరికి సరిపోయే యంత్రం అంటే అదీ. అయినా 1888 నుంచి 1972 దాకా, 84 ఏళ్లు, అది మా ఊరికి రాలేదు.

ఎందుకు రాలేదు? మోటారు ఒక్కటే వస్తే ప్రయోజనం లేదు కాబట్టి. స్తంభాలు, అల్యూమినియం తీగ, ట్రాన్స్‌ఫార్మర్, వాటికి పెట్టుబడి, రైతుకు అప్పు, ఇవన్నీ కలిసి రావాలి. పల్లెల విద్యుదీకరణకు అప్పులిచ్చే కేంద్ర సంస్థ, రూరల్ ఎలక్ట్రిఫికేషన్ కార్పొరేషన్, 1969లో ఏర్పడింది. పంపుసెట్లకు లైన్లు విస్తారంగా పడింది ఆ తరువాతే. ఇంకొకటి కూడా రావాలి, దాన్ని పుస్తకాలు రాయవు. మోటారు కాలితే చుట్టిపెట్టే మనిషి దగ్గరలో ఉండాలి. మా ఊరి మొదటి మోటారు కాలినప్పుడు దాన్ని విప్పి, ఎద్దులబండి మీద రోడ్డుదాకా తెచ్చి, బస్సు టాపు మీద వేసి నెల్లూరు పంపారు, తిరిగి రావడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ మా తాతగారు మళ్లీ మోట కట్టారు. ఒక ఆవిష్కరణ ఒక ప్రాంతానికి వచ్చిందని చెప్పడానికి నా గుర్తు ఇదే. దానిని బాగుచేసే షాపు ఆ ప్రాంతంలో తెరుచుకుందా లేదా?

ఇక మోట పోయాక ఎవరి పని ఏమైందో చూద్దాం. బాన కుట్టే తోలుపని కుటుంబాలకు, గిలక చేసే వడ్రంగికి పంట నూర్చిన కళ్లంలో ధాన్యం మేర (పనికి బదులుగా ఇచ్చే వాటా) ఉండేది. బాన అక్కర్లేకపోయాక ఆ మేర మొదట తగ్గింది, తరువాత అడిగినా ఇచ్చేవారు లేకపోయారు. ఆ కుటుంబాల పిల్లల్లో కొందరు చదువులకు వెళ్లారు, కొందరు కూలికి వెళ్లారు. యంత్రం వారిని విడుదల చేసిందా, వీధిలో పడేసిందా అంటే రెండూ చేసింది, ఏ ఇంటికి ఏది జరిగిందో ఆ ఇంటినే అడగాలి. ఏడాది పొడవునా మోట తోలే జీతగాడి అవసరం కూడా తగ్గింది. వెట్టిచాకిరీని చట్టం 1976లో నిషేధించింది, కానీ మెట్ట ఊళ్లలో జీతగాడిని కట్టుకోవలసిన అవసరాన్ని తగ్గించిన వాటిలో మోటారు కూడా ఒకటని నా అభిప్రాయం.

మోటబావి సాధారణంగా అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి. దస్తావేజుల్లో నాలుగో పాలు, ఆరో పాలు అని రాసి ఉండేది, నీటికి వంతులు ఉండేవి. గొడవలు లేకపోలేదు గానీ, బావి పూడిక తీయాలంటే నలుగురూ దిగక తప్పేది కాదు. బోరు వచ్చాక ఎవరి బోరు వారిది. 1980ల తరువాత మా ప్రాంతంలో అన్నదమ్ముల పొలాలు పంచుకున్నప్పుడల్లా బోర్ల బండి రావడం నేను చూశాను. ఉమ్మడి నీరు ఉమ్మడి కుటుంబాన్ని కొంత నిలబెట్టింది, విడి నీరు విడిపోవడాన్ని సులువు చేసింది. దీన్ని మంచి అని గానీ చెడు అని గానీ తీర్పు చెప్పే సాహసం నేను చేయను, మా ఇంట్లోనూ అదే జరిగింది.

మరి ఎద్దులు? మోట, నాగలి, బండి అనే మూడు పనుల కోసం తరతరాలుగా ఎంపిక చేసి పెంచుకున్నది ఒంగోలు జాతి. మొదటి పనిని మోటారు, మిగిలిన రెండింటినీ ట్రాక్టరు తీసుకున్నాయి. ఇప్పుడు ఒంగోలు గిత్తలు ఎక్కువగా కనిపించేది బండలాగుడు పందేల్లోనే. ఈ జాతి 19వ శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ చేరింది, అక్కడ దాని పేరు నెలోర్. మన జిల్లా పేరే. ఆ దేశపు మాంసం పశువుల్లో అధిక భాగం ఆ రక్తమే. ఇక్కడ దానికి పని లేకుండా పోయింది, అక్కడ దాన్ని తినడానికి పెంచుతున్నారు.

బ్రెజిల్ మాట వచ్చింది కాబట్టి, అక్కడి నుంచి మనకు వచ్చినదాన్ని కూడా చెప్పాలి. వడ్లు దంచే హల్లర్‌ను 1880లలో రూపొందించినవాడు ఎంగెల్‌బెర్గ్ అనే బ్రెజిల్ దేశస్థుడు. కాఫీ గింజల పొట్టు తీయడానికి, వడ్లు ఒలవడానికి పనికివచ్చే ఆ ఇనుప యంత్రం మొదట ఆయిల్ ఇంజిన్‌తో, తరువాత కరెంటు మోటారుతో మన ఊళ్లకు వచ్చింది. నెల్లూరు పేరు చెబితే మొలగొలుకులు గుర్తుకు వచ్చే కాలంలో ఇంటింటా రోలు, రోకలి ఉండేవి. తెల్లవారకముందే ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి, ఒకరి పోటు పడుతుంటే మరొకరి రోకలి లేచేలా దంచేవారు. మా అమ్మమ్మ అరచేతుల్లో కాయలు ఆమె చనిపోయేదాకా పోలేదు. హల్లర్ వచ్చిన ఊరిలో ఆడవారికి రోజుకు రెండు మూడు గంటలు మిగిలాయి. ఏ చట్టమూ, ఏ సంస్కర్తా అంత తొందరగా ఇవ్వలేని సమయం అది.

కానీ రోకటి పోటుతోనే పొట్ట పోసుకునే దంపుడు కూలీలు కూడా ఉండేవారు, వారిలో వితంతువులు చాలామంది. వారి కూలిని మిల్లు తీసుకుంది. పెన్నా ఒడ్డున పల్లిపాడులో సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న ప్రారంభించిన గాంధీజీ, తరువాత 1934లో గ్రామ పరిశ్రమల సంఘం స్థాపించినప్పుడు దంపుడు బియ్యాన్ని గట్టిగా సమర్థించారు. ఆయన వాదనకు రెండు కాళ్లున్నాయి. ఒకటి కూలి, రెండోది ఆరోగ్యం. యంత్రం తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో తవుడుతో పాటు బి1 విటమిన్ పోతుంది. అలాంటి బియ్యం తిన్న కోళ్లకు, నరాలు దెబ్బతినే బెరిబెరి వంటి జబ్బు వస్తుందని 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్ వైద్యుడు గమనించాడు, దానికి 1929లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. వడ్లను ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేసినప్పుడు ఆ విటమిన్‌లో చాలా భాగం గింజ లోపలికి ఇంకుతుంది కాబట్టి, ఉప్పుడు బియ్యం తినే చోట ఈ జబ్బు తక్కువగా ఉండేది. పచ్చి బియ్యం తినే తీరాంధ్రలో అది వైద్యులకు బాగా తెలిసిన జబ్బు. అంటే దంచే శ్రమ పోయింది, దంచడం వల్ల తెలియకుండా దక్కుతున్న ఒక రక్షణ కూడా దానితో పాటు పోయింది. ఇప్పుడు దంపుడు బియ్యం మామూలు బియ్యం కన్నా ఎక్కువ ధరకు అమ్ముడవుతోంది. మా అమ్మమ్మకు చెబితే నమ్మేది కాదు.

నీటి దగ్గరికి తిరిగి వస్తాను, ఎందుకంటే మోటారు చేసిన అసలు మార్పు అక్కడే ఉంది. మోట తన హద్దు తాను దాటేది కాదు. బావిలో నీరు అడుగంటితే ఎద్దులు ఆగేవి, రాత్రికి ఊట ఊరేది. పైన బిగించిన మోటారు పంపుకు కూడా ఒక హద్దు ఉంది. గాలి ఒత్తిడి మీద ఆధారపడి నీటిని పీల్చే పంపు సిద్ధాంతరీత్యా 10 మీటర్లు, ఆచరణలో 6, 7 మీటర్ల లోతు దాకానే లాగగలదు. అందుకే నీరు కిందికి పోయినకొద్దీ బావి లోపల గట్లు కట్టి మోటారును కిందికి దించేవారు. సబ్‌మెర్సిబుల్ ఆ హద్దును తుడిచేసింది. మోటారే నీటిలోకి దిగి నీటిని పైకి నెడుతుంది కాబట్టి ఎంత లోతైనా దానికి అభ్యంతరం లేదు. కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు పూర్వం ఇరవై ముప్పై అడుగుల బావులున్న చోట వందల అడుగుల బోర్లు పడ్డాయి. ఒక రైతు ఐదు బోర్లు వేయించి, నాలుగు ఎండి, ఐదో దాని మోటారు నా షాపుకు తెచ్చాడు. వైండింగ్ డబ్బు ఇప్పుడు లేదు, బత్తాయి కాయ దిగాక ఇస్తానన్నాడు. ఆ తోట ఆ వేసవిలోనే ఎండిపోయింది.

లోతు నీటితో వచ్చిన మరో చిక్కు ఫ్లోరైడ్. నిజం చెప్పాలంటే ఇది బోర్లు తెచ్చిన జబ్బు కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బును, వైద్యులు తొలిసారిగా నమోదు చేసింది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలోనే. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు 1970లో ఒంగోలు (తరువాత ప్రకాశం) జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనివే. అయితే రాతి పొరల్లో ఎక్కువ కాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా కరుగుతుంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 మిల్లీగ్రాముల దాకా అని మన ప్రమాణం. ఆ హద్దు దాటిన బోర్లు ఈ ప్రాంతంలో కొల్లలు. దీనికి మందుగా మరో ఆవిష్కరణ వచ్చింది. 1950ల చివర అమెరికాలో లోబ్ అనే ఆయన, మన దేశంలో పుట్టిన సౌరిరాజన్ కలిసి తయారుచేసిన, నీటిలో కరిగిన లవణాలను ఆపే పొర ఆధారంగా ఎదిగిన ఆర్ఓ ప్లాంటు. దాని లోపల కూడా ఉన్నది ఒత్తిడి పెంచే పంపు, దానికి ఒక మోటారు. బావి నీళ్లు కడవతో మోసుకొచ్చిన ఇంట్లో ఇప్పుడు 20 లీటర్ల క్యాను కొంటున్నారు. కడవ మోసిన ఆడవారి శ్రమ తగ్గింది, ఊరి నీటికి ధర వచ్చింది.

ఇంత దాకా చెప్పినది చేను వైపు. కరెంటు తీగ వైపు నుంచి చూస్తే కథ ఇంకోలా ఉంటుంది. వ్యవసాయానికి కరెంటును విడతలుగా, చాలా ఏళ్లపాటు అర్ధరాత్రి కూడా ఇచ్చారు. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది. అర్ధరాత్రి లేచి చేను దాకా వెళ్లలేని రైతులు కరెంటు రాగానే మోటారు తనంతట తాను తిరిగేలా ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టించారు. వాటిని బిగించినవాళ్లలో నేనూ ఒకణ్ని. దానివల్ల ఏమైందో చూడండి. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. పూర్వం ఒకరి తరువాత ఒకరు స్విచ్ వేసేవారు. ఇప్పుడు ఇరవై మోటార్లు ఒకే క్షణంలో లాగాయి. వోల్టేజీ కూలింది. వోల్టేజీ 80 శాతానికి పడితే మోటారు తిప్పుడు బలం దాని వర్గం లెక్కన (0.8 × 0.8) 64 శాతానికి పడిపోతుంది, అప్పుడు మోటారు తిరగలేక మూలుగుతూ వేడెక్కుతుంది. ఒక ఊళ్లో నేను పదకొండు ఆటోమేటిక్‌లు బిగించిన నెల రోజులకే ట్రాన్స్‌ఫార్మర్ కాలింది, దానితో పాటు ఆరు మోటార్లు నా షాపుకు వచ్చాయి. ఆ ఊరివాళ్లు నన్ను ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ నెల సంపాదన ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కాలిన మోటారు అబద్ధం చెప్పదు. స్టార్ కనెక్షన్ (మూడు ఫేజుల కాయిల్స్ కొసలను ఒకచోట కలిపిన) మోటారును విప్పినప్పుడు కాయిల్స్‌లో మూడింట రెండు వంతులు బొగ్గులా మాడి, మిగిలిన వంతు వార్నిష్ మెరుపుతో చెక్కుచెదరకుండా ఉంటే, ఒక ఫేజు పోయి రెండింటి మీదే తిరిగిందని అర్థం. అన్నీ ఒకేలా నల్లబడితే ఓవర్‌లోడో, తక్కువ వోల్టేజీయో. ఒక దశాబ్దం పాటు నా దగ్గరికి వచ్చిన మోటార్లను ఇలా చూసుకుంటూ పోతే, ఏ ఊరి లైను ఎలా ఉందో ఆఫీసు రికార్డు చూడకుండానే చెప్పగలిగేవాణ్ని.

తీరం వైపు ఇదే మోటారు వేరే పని చేస్తోంది. ఐస్ ఫ్యాక్టరీలో కంప్రెసర్‌ను తిప్పేది అదే. ఐస్ లేని రోజుల్లో పడిన చేపల్లో అమ్ముడుపోనివి ఇసుక మీద ఎండబెట్టవలసిందే, ఆ పని, ఆ అమ్మకం ఆడవారి చేతిలో ఉండేవి. ఐస్ వచ్చాక పచ్చి సరుకు లారీ ఎక్కింది, బేరం మగవారి చేతికి, దూరపు వ్యాపారి చేతికి పోయింది. ఆ తరువాత రొయ్యల చెరువులు వచ్చాయి. 2009లో వనామీ రకానికి దేశంలో అనుమతి వచ్చాక విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు నుంచి సింగరాయకొండ, కొత్తపట్నం దాకా చెరువుల్లో తెల్లటి నురుగు లేపుతూ, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయి. చెరువులోని నాచు పగలు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి తానే తీసుకుంటుంది. అందువల్ల తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. ఆ వేళలో కరెంటు పోయి, జనరేటర్ పట్టుకోకపోతే గంటా రెండు గంటల్లో పంట మొత్తం తేలిపోతుంది. మోట రోజుల్లో తెల్లవారుజామున ఎద్దులు మేల్కొనేవి. ఇప్పుడు అదే వేళకు చెరువు గట్టున గుడిసెలో ఒక కుర్రవాడు మోటార్ల చప్పుడు వింటూ మేల్కొని ఉంటాడు. చప్పుడు ఉన్నంతసేపు కునుకు తీయగలడు, ఆగితే లేస్తాడు.

అంతరిక్షం, ఫోన్ల గురించి కూడా మీరు అడిగారు, అవి నా వృత్తి కానందున క్లుప్తంగా చెబుతాను. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో వేలాది మంది పోయారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, అది ఎటు వస్తుందో రోజుల ముందే మన తీరంలో ప్రతి ఇంటికీ తెలుసు. మధ్యలో ఉపగ్రహాలు వచ్చాయి. 1971లో చిన్న రాకెట్‌తో మొదలైన శ్రీహరికోట, 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉంది. రెండు తుఫాన్ల బలం ఒకటి కాదు కాబట్టి ప్రాణనష్టంలోని తేడా అంతా ఉపగ్రహానిదే అనడం తప్పు. రోడ్లు, పక్కా ఇళ్లు, తుఫాను షెల్టర్లు లేకపోతే ముందే తెలిసినా వెళ్లే చోటు ఉండేది కాదు.

ఫోన్ విషయంలో నాకు ఆసక్తి కలిగించేది ఒక్కటే, అది మోటారుతో కలవడం. సిమ్ కార్డు వేసే స్టార్టర్లు వచ్చాక పొదలకూరు వైపు నిమ్మతోట రైతులు ఇంట్లో పడుకునే మోటారుకు ఫోన్ చేస్తున్నారు. ఒక రింగుకు ఆన్, ఒక అంకె నొక్కితే ఆఫ్. ఫేజు లేకపోతే, బోరులో నీరు తగ్గి మోటారు ఒట్టిగా తిరుగుతుంటే, అదే ఆగి రైతుకు తిరిగి ఫోన్ చేస్తుంది. రాత్రిపూట తడి గట్ల మీద నడవడం తగ్గింది, పాము కాటు, షాకు ప్రమాదాలు తగ్గాయి. నేను బిగించినవాటిలో తృప్తి మిగిల్చింది ఇదే. కొత్త స్టార్టర్లలో కరెంటు వచ్చాక ఒక్కో మోటారు ఒక్కో సమయానికి మొదలయ్యేలా ఆలస్యం పెట్టే వీలుంది. నా దగ్గరికి వచ్చిన ప్రతి పెట్టెలోనూ ఆ ఆలస్యాన్ని వేర్వేరుగా పెట్టి పంపుతున్నాను, ఒకరికి 40 సెకన్లు, పక్కవాడికి 90. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే మాత్రం ఫోన్ చేసి లాభం లేదు, టార్చిలైటు పట్టుకొని ఎవరో ఒకరు నడవాలి. మోటారే కాలితే రైతు నాకు ఫోన్ చేస్తాడు. నేను మూడు కాళ్ల స్టాండు, చెయిన్ పుల్లీ, ఇద్దరు కుర్రవాళ్లను ఆటోలో ఎక్కించుకొని వెళ్లి, వందల అడుగుల పైపును ముక్క తరువాత ముక్కగా చేత్తోనే పైకి లాగుతాను.